మన ఎమ్మెల్యే ఎవరి మనిషి: ఓటరు మనిషా, పార్టీ మనిషా?

ప్రశ్న: కాలనీ సంఘం కార్యదర్శి, హైదరాబాద్

మా కాలనీ సంక్షేమ సంఘం రాబోయే సర్వసభ్య సమావేశంలో స్థానిక శాసనసభ్యుని పనితీరుపై ఒక పత్రం ప్రవేశపెట్టాలని తీర్మానించి, దాన్ని రాసే బాధ్యత నాకు అప్పగించింది. మొదటి ముసాయిదాలో వేసిన సీసీ రోడ్లు, పూడిక తీసిన నాలాలు, పెట్టించిన వీధిదీపాలు, పంచిన చెక్కులు, హాజరైన కార్యక్రమాలు అన్నీ వరుసగా రాశాను. సంఘంలోని ఒక పెద్దాయన ఆ కాగితాలు తిరగేసి, "ఇది ఎమ్మెల్యే పనితీరులా లేదు, కాంట్రాక్టరు బిల్లులా ఉంది" అన్నారు. ఆ మాటలో సబబు ఉందనిపించి ఇక్కడ అడుగుతున్నాను.

నాకు ఎదురైన చిక్కు ఇది. 2023 ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో, రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. బీఆర్‌ఎస్‌కు 7, మజ్లిస్‌కు 7, బీజేపీకి 1 వచ్చాయి. ఇటువంటి చోట మనం గెలిపించిన మనిషి ఒకరైతే, అధికారుల దగ్గర మాట చెల్లుబాటయ్యేది చాలాసార్లు అధికార పార్టీ తరఫున ఓడిపోయి "నియోజకవర్గ ఇన్‌ఛార్జి"గా తిరిగే మరొకరిది. అప్పుడు పని జరగకపోతే అది మన ప్రతినిధి చేతకానితనమా, లేక మనం వేసిన ఓటుకు పడిన జరిమానానా? ఆయనే రేపు "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అంటూ అధికార పార్టీ కండువా కప్పుకుంటే, ఆ తర్వాత వచ్చిన రోడ్డును ఆయన ఖాతాలో సేవగా రాయాలా, ద్రోహంగా రాయాలా? ఓటరుకు చేసిన సేవ, పార్టీకి చేసిన సేవ అనే రెండింటినీ విడదీసి చూడడానికి ఎవరికైనా ఆచరణలో పనికొచ్చిన పద్ధతి తెలిసి ఉంటే చెప్పగలరు.

సమాధానం 1: న్యాయవాది

కార్యదర్శి గారికి నమస్కారం. ఆయన చేతిలో ఉన్నదేది, లేనిదేది అన్నది ముందు తేల్చుకుంటే తప్ప మీ పత్రం నిలబడదు. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిషేధ నిబంధనలు) ప్రకారం, ఎటు ఓటు వేయాలో చెబుతూ పార్టీ జారీ చేసిన విప్‌కు విరుద్ధంగా సభలో ఓటు వేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజులలోగా క్షమించకపోతే సభ్యత్వమే పోయే ప్రమాదం ఉంది. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ షెడ్యూలును సమర్థిస్తూనే, విప్ ఉల్లంఘనకు వేసే అనర్హత ప్రభుత్వ మనుగడను తేల్చే ఓటింగులకు, పార్టీ ప్రజల ముందుకు తీసుకువెళ్లిన ప్రధాన విధానాలకు పరిమితం కావాలని అభిప్రాయపడింది. కానీ ఆ పరిమితిని పార్టీలు పట్టించుకున్న దాఖలాలు తక్కువ. కాబట్టి సభలో ఆయన వేసిన ఓటును చూసి ఆయన మనసు మనవైపుందో లేదో చెప్పడం కుదరదు. ఆపైన మన చట్టసభల్లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే సభ్యులు నోటితో పలికే ఔను, కాదులతోనే ఆమోదం పొందుతాయి గనుక, ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో రికార్డులో వెతికినా దొరకదు.

అయితే విప్ కట్టేసేది ఓటునే తప్ప నోటిని కాదు. ప్రశ్నోత్తరాల్లో మన నాలా గురించి అడగవద్దని ఏ విప్పూ చెప్పదు. కమిటీ సమావేశానికి వెళ్లవద్దనీ చెప్పదు. శాసనసభలో గ్రాంట్ల మీద చర్చ జరిగేటప్పుడు పురపాలక శాఖ పద్దు మీద లేచి, నగరానికి కేటాయించిన సొమ్ములో ఎంత విడుదలైందో చెప్పమని అధికార పక్ష సభ్యుడు అడిగినా ఆయన సభ్యత్వానికి వచ్చే ముప్పేమీ లేదు. ముప్పల్లా వచ్చేసారి టికెట్‌కే, పార్టీ అభ్యర్థిగా గుర్తించే బీ ఫారానికే. నా దృష్టిలో అసలు పరీక్ష అక్కడే ఉంది. చట్టం ఏ అడ్డూ పెట్టని చోట కూడా కేవలం టికెట్ భయంతో నోరు మెదపని మనిషి, పదేళ్లలో ఎన్ని శిలాఫలకాల మీద పేరు చెక్కించుకున్నా, పార్టీ మనిషే.

ఒక హెచ్చరిక కూడా చేస్తాను. పార్లమెంటు సభ్యుల హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చల వివరాలను పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వంటి సంస్థలు ప్రచురిస్తున్నాయి. వాటిని యథాతథంగా మార్కుల పట్టీలా వాడకండి. మంత్రులు లోక్‌సభ హాజరు పట్టీలో సంతకం చేయరు, ప్రశ్నలు అడగరు, సమాధానాలు చెబుతారు. సికింద్రాబాద్ సభ్యుడు కిషన్ రెడ్డి గారు 2019 నుంచి కేంద్ర మంత్రిగా ఉన్నారు కనుక ఆ పట్టికలో ఆయన ఎదుట ఖాళీ కనిపిస్తే ఆయన సభకు రాలేదని అర్థం కాదు. ఆయనను తూచడానికి వేరే తక్కెడ కావాలి.

సమాధానం 2: విశ్రాంత ఉద్యోగి

న్యాయవాది గారు చెప్పినది సభకు సంబంధించిన సగం. నేను మిగిలిన సగం చెబుతాను, ఎందుకంటే నేను కొంతకాలం నగరంలోని ఒక శాసనసభ్యుని క్యాంపు కార్యాలయంలో పనిచేశాను. ఆయన పేరు గానీ పార్టీ గానీ ఇక్కడ అవసరం లేదు. పార్టీ మారినా కార్యాలయం నడిచే తీరు పెద్దగా మారదు.

పొద్దున్నే వచ్చే జనానికి మా దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. పేరు, చిరునామా, పని, ఫోను నంబరుతో పాటు చివర "ఎవరి ద్వారా" అని ఒక గడి ఉండేది. డివిజన్ అధ్యక్షుడో, బూత్ బాధ్యుడో, మాజీ కార్పొరేటరో ఎవరో ఒకరి పేరు ఆ గడిలో ఉన్నవారి కాగితం లోపలికి త్వరగా వెళ్లేది. అది ఖాళీగా ఉన్నవారికి కూడా సిఫారసు లేఖ దొరికేది. ఎవరినీ ఉత్త చేతులతో పంపకూడదని మాకు గట్టి ఆదేశం ఉండేది. కానీ లేఖ ఇచ్చి పంపిన పనికీ, లేఖ చేరేలోపే ఆ అధికారికి ఫోను వెళ్లిన పనికీ ఎంత తేడా ఉంటుందో అధికారులకు బాగా తెలుసు. ఫోను రాని లేఖను వారు మర్యాదగా ఫైలులో పెట్టేవారు, అంతే.

కార్యదర్శి గారు అడిగిన పద్ధతి నాకు ఆ గడిలోనే కనిపిస్తోంది. మీ కాలనీలోనూ, చుట్టుపక్కల బస్తీల్లోనూ ఇంటింటికీ వెళ్లి "ఎమ్మెల్యే మంచివాడా" అని అడిగితే పార్టీ అభిమానం బయటపడుతుంది తప్ప పనితీరు తెలియదు. అందుకు బదులు, ఆయన దగ్గరకు ఏ పని మీద వెళ్లారు, ఒంటరిగా వెళ్లారా లేక ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లాల్సి వచ్చిందా, చివరికి ఆ పని అయిందా అని మూడు ప్రశ్నలు వేయండి. వెంట ఎవరూ లేకుండా వెళ్లినవారి పనులు, పార్టీ మనుషుల వెంట వెళ్లినవారి పనులు దాదాపు ఒకే పాళ్లలో అయితే ఆ ప్రతినిధి ఓటర్లందరి మనిషి. ఆ పాళ్లలో పెద్ద తేడా వస్తే, ఆ కార్యాలయం ప్రభుత్వ ఖర్చుతో నడిచే పార్టీ శాఖే అనుకోవాలి.

నిధుల గురించి ఒక మాట. నియోజకవర్గ అభివృద్ధి నిధి ప్రతి శాసనసభ్యునికీ, ప్రతిపక్ష సభ్యునికీ ఉండేదే. తెలంగాణలో దాన్ని 2021లో ఏడాదికి 5 కోట్ల రూపాయలకు పెంచారు. ఎంపీ నిధి కూడా ఏడాదికి 5 కోట్లే. ఎంపీ నిధి విషయంలో సభ్యుడు పనిని సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. అంచేత "నిధులు రానివ్వలేదు" అనే మాట విన్నప్పుడు ముందు ఆయన ఎన్ని పనులు సిఫారసు చేశారో అడగండి. సిఫారసే చేయనివాడికి అడ్డుపడినవారెవరు?

సమాధానం 3: బస్తీవాసి

పై ఇద్దరు పెద్దల మాటలూ చదివాను. సభలో ఏం మాట్లాడారన్నది మా బస్తీలో ఎవరూ చూడరు. మాకు ఎమ్మెల్యే అంటే చెక్కు ఇచ్చే చేయి. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద ఇచ్చే 1,00,116 రూపాయలు ప్రభుత్వ సొమ్ము, అర్హత ఉన్న ప్రతి కుటుంబానికీ హక్కుగా రావలసిన సొమ్ము. అయినా మా పక్కింటివారి అమ్మాయి పెళ్లి అయిపోయి, చంకన బిడ్డ ఉండగా ఆ చెక్కు వచ్చింది. మంజూరైందని కబురు వచ్చాక కూడా పంపిణీ కార్యక్రమానికి తేదీ కుదిరేదాకా ఆగాలన్నారు. ఫంక్షన్ హాలులో కుర్చీలు వేసి, అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి, చెక్కు రెండు చేతులా పట్టుకుని ఫోటో దిగేదాకా ఆ తల్లికి అది తన డబ్బు అనిపించలేదు. ఆమె ఇప్పటికీ "ఎమ్మెల్యే సాబ్ ఇచ్చిండు" అనే అంటుంది.

కార్యదర్శి గారి ముసాయిదాలో "పంచిన చెక్కులు" అని ఉంది కదా, దాన్ని దయచేసి తీసేయండి. పంచినందుకు మార్కులు వేస్తే, పంచే పేరుతో ఆపినందుకు కూడా మార్కులు వేసినట్టే. ఆపిన రోజులు లెక్కించగలిగితే లెక్కించండి.

2020 అక్టోబరు వరదల తర్వాత కుటుంబానికి 10,000 రూపాయల సాయం ప్రకటించినప్పుడు మా గల్లీలో నీళ్లు నడుముదాకా వచ్చాయి. పేర్లు రాసుకోవడానికి వచ్చిన స్థానిక నాయకుడు మాత్రం ఎవరి ఇంట్లో ఎంత నీరు నిలిచిందని అడగకుండా, ఎవరింటి మీద ఏ జెండా ఉందో చూస్తూ పోయాడు. విశ్రాంత ఉద్యోగి గారు చెప్పిన "ఎవరి ద్వారా" గడి మాకు గుమ్మం దగ్గరే ఎదురవుతుంది.

ఇంకొక మాట కూడా ఉంది. న్యాయవాది గారు పార్టీకి లొంగడమే తప్పు అన్నట్టు రాశారు. మేము ఓటు వేసింది గుర్తు చూసి. ఆ మనిషి మొహం సరిగ్గా గుర్తులేని వాళ్లు కూడా గుర్తును చూసి వేశారు. అటువంటప్పుడు పార్టీ మాట వినడం మా మాట వినడం కాదా?

సమాధానం 4: చరిత్ర ఉపాధ్యాయుడు

బస్తీవాసి గారి చివరి ప్రశ్న ఈ చర్చలోకెల్లా బరువైనది. పార్టీ మాట, ఓటరు మాట ఒకటిగా ఉన్నంతకాలం తేడా తెలియదు. అవి విడిపోయిన రోజున ప్రతినిధి ఎటు నడిచాడన్నదే చూడాలి. అటువంటి రోజులు మన చరిత్రలో ఉన్నాయి.

1969 తెలంగాణ ఉద్యమంలో కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆయన పార్టీ అధికారంలోనే ఉంది, పదవి చేతిలోనే ఉంది. ఇది ఒక వైపు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రమే ఏకైక నినాదంగా పోటీ చేసిన తెలంగాణ ప్రజా సమితి 10 స్థానాలు గెలిచింది. అదే ఏడాది మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని ఆ సమితి కాంగ్రెస్‌లో విలీనమైపోయింది. ఇది రెండో వైపు. ఆ ఓటర్లు కూడా గుర్తును చూసే వేశారు, బస్తీవాసి గారూ. వారి ఓటును ఢిల్లీకి మోసుకువెళ్లి వేరే ఇంట్లో దించి వచ్చారు.

ఎదుటి ప్రాంతం నుంచి కూడా ఒక ఉదాహరణ చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. 2014 ఫిబ్రవరిలో విభజన బిల్లును వ్యతిరేకిస్తూ సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాస నోటీసు ఇచ్చిన ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ బహిష్కరించింది. వారి వాదనతో నాకు ఏకీభావం లేదు. తెలంగాణ వాడిగా ఆనాడు వారి మీద కోపంగానే ఉన్నాను. కానీ తమను ఎన్నుకున్నవారి మాట పార్టీ మాటకు ఎదురు వచ్చినప్పుడు వారు ఎటు నిలబడ్డారో స్పష్టంగా కనిపించింది. అదే నెల 18న లోక్‌సభ ఆ బిల్లును మూజువాణి ఓటుతో ఆమోదించింది. మనకు అంతకంటే ముఖ్యమైన బిల్లు మరొకటి లేకపోయినా, మన సభ్యుల్లో ఎవరు ఎటు వేశారన్నది పేరుపేరునా నమోదు కాలేదు.

పార్టీ మారడం గురించి కార్యదర్శి గారు అడిగినదానికి నా మట్టుకు సమాధానం సూటిగానే ఉంది. 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ శాసనసభ్యుల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు; విలీనానికి కావలసిన మూడింట రెండు వంతుల లెక్క సరిపోయింది కనుక పదో షెడ్యూలు వారిని ఏమీ చేయలేదు. 2023 తర్వాత గాలి తిరగబడింది. బీఆర్‌ఎస్ గుర్తు మీద ఖైరతాబాద్‌లో గెలిచిన సభ్యుడు 2024లో కాంగ్రెస్ అభ్యర్థిగా సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. పదిమంది బీఆర్‌ఎస్ సభ్యులపై అనర్హత పిటిషన్లు 2024లో దాఖలైతే, వాటిని మూడు నెలల్లో తేల్చమని సభాపతికి చెప్పడానికి సుప్రీంకోర్టు 2025 జూలై 31 దాకా రావలసివచ్చింది. అభివృద్ధి కోసమే వెళ్లాను అనేవారు రాజీనామా చేసి, అదే ఓటర్ల ముందు మళ్లీ నిలబడితే ఆ మాట నమ్మవచ్చు. 2010 ఫిబ్రవరిలో తెలంగాణ కోసం రాజీనామా చేసినవారు జూలైలో ఉపఎన్నికలకు వెళ్లి చూపించారు. రాజీనామా లేకుండా వెళ్లినవారి విషయంలో, ఆ తర్వాత వచ్చిన రోడ్డును పత్రంలో రాయండి గానీ, ఆయన పేరు ఎదుట రాయకండి. పన్ను కట్టినవారికి రోడ్డు వేయడానికి ఎమ్మెల్యే కండువా రంగు అడిగిన ప్రభుత్వం ఎదుట రాయండి.

కార్యదర్శి (మళ్లీ)

నలుగురికీ కృతజ్ఞతలు. "పంచిన చెక్కులు" అనే వరుస కొట్టేశాను. విశ్రాంత ఉద్యోగి గారి మూడు ప్రశ్నలతో ఇంటింటికీ తిరగడానికి ఐదుగురు యువకులు ముందుకు వచ్చారు. మా కాలనీతో పాటు వెనక ఉన్న రెండు బస్తీల్లోనూ తిరుగుతారు. అయితే సంఘంలో కొందరికి ఒక భయం ఉంది: పత్రంలో విమర్శ ఉంటే, సగంలో ఉన్న మా మురుగు కాలువ పని అక్కడే ఆగిపోతుందేమో అని. ఈ భయం గురించి ఏమంటారు? అలాగే సిఫారసు చేసిన పనుల జాబితా ఎక్కడ అడగాలి?

సమాధానం 5: విశ్రాంత ఉద్యోగి

జాబితా కోసం జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. "అభివృద్ధి పనుల వివరాలు" అని గుండుగుత్తగా అడిగితే గుండుగుత్త జవాబే వస్తుంది. ఏ తేదీన ఏ పని సిఫారసు చేశారు, ఎప్పుడు మంజూరైంది, ఎంత విడుదలైంది, పూర్తయిందా అని విడివిడిగా, సంవత్సరాల వారీగా అడగండి. దరఖాస్తు సంఘం పేరున కాకుండా ఒక వ్యక్తి పేరున పెట్టండి, ఎందుకంటే చట్టం సమాచార హక్కు ఇచ్చింది పౌరునికి.

ఇక మీ సంఘం వారి భయం వట్టి అపోహ అని నేను అనలేను. పనులు ఆపించిన సందర్భాలు నాకు తెలుసు. అయితే ఆ కాలువ పని మొదలైన తేదీ, ఇప్పటిదాకా పూర్తయిన పొడవు, గుత్తేదారుకు చెల్లించిన మొత్తం, ఇవన్నీ పత్రం విడుదలకు ముందే రాతపూర్వకంగా తీసుకుని దగ్గర పెట్టుకోండి. పత్రం వెలువడిన మరుసటి వారం పని ఆగితే, ఎక్కడ ఆగిందో కాగితం మీద ఉంటుంది. దాన్ని పత్రానికి అనుబంధంగా చేర్చవచ్చు.