గడ్డను కరిగించే ప్లాస్మిన్ వాపును పెంచుతుందా, చల్లారుస్తుందా?

హనుమకొండలో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను. నిరుడు ఒక తెల్లవారుజామున మా నాన్న చేతిలోని టీ గ్లాసు జారిపోయింది. తీయబోతే కుడిచేయి లేవలేదు. మెదడు రక్తనాళంలో గడ్డ అన్నారు. నాలుగున్నర గంటల గడువు దాటకముందే గడ్డను కరిగించే ఆల్టెప్లేస్ అనే మందు ఎక్కించారు. సాయంత్రానికి ఆయన ఒక్కో వేలూ ముడుస్తుంటే పక్కన కూర్చుని లెక్కపెట్టాను.

అప్పటి నుంచి ఆ మందు గురించే ఆలోచన. అది రక్తంలో నిద్రాణంగా ఉండే ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్ అనే ఎంజైమ్‌గా మారుస్తుంది, ప్లాస్మిన్ గడ్డను కట్టి ఉంచే ఫైబ్రిన్ పోగులను తెంచుతుంది. ఇంతవరకు పాఠంలో ఉంది. కానీ మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కూడా తమ ఉపరితలం మీద ప్లాస్మినోజెన్‌ను పట్టుకుని, కణజాలంలో దారి చేసుకుంటూ వాపు ఉన్నచోటికి చేరుతాయి. ప్లాస్మినోజెన్ లేని ఎలుకల్లో ఈ వలస తగ్గుతుంది. మరోవైపు అదే ప్లాస్మిన్ న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాల చావును త్వరపరిచి, చచ్చిన కణాలను శుభ్రం చేసే మాక్రోఫేజ్‌లు వాటిని మింగేలా చేసి వాపును చల్లారుస్తుంది కూడా! చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

కణాలను పిలిచేదీ, పని ముగించి పంపేదీ ఒకే ఎంజైమ్ అయితే, ఎప్పుడు ఏది చేయాలో నిర్ణయించేది ఏమిటి? నా అనుమానం కణాల మీది గ్రాహకాల పైన. రక్తస్రావాన్ని తగ్గించే మందు ట్రానెక్సామిక్ ఆమ్లం వాడి చూద్దామంటే, అది ప్లాస్మినోజెన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకునే చోట్లను మూసేసి దాన్ని ఫైబ్రిన్‌కూ కణానికీ ఒకేసారి దూరం చేస్తుంది. ఫైబ్రిన్ మీది, కణం మీది ఈ రెండు ప్రభావాలను విడదీసి చూపే ప్రయోగం ఏది? ఈ రంగంలో పనిచేసినవారు దయచేసి చెప్పండి. నెలాఖరున నా సెమినార్ ఉంది.