‘కొంచెముండుటెల్ల’ అనా, ‘కొంచెమైన నదియు’ అనా?

జయనగర్ పాఠకుడు: నెట్‌వర్కులలో గుంపులను గుర్తించే పద్ధతుల గురించి తోటి ఉద్యోగులకు తెలుగులో చెప్పబోతూ ‘అనువుగాని చోట’ రెండో పాదం దగ్గర ఆగిపోయాను. నా నోటికి ‘కొంచెముండుటెల్ల కొదువగాదు’ అనే వస్తుంది. అమ్మ ‘కొంచెమైన నదియు’ అంటారు. ఏది సరి?

మల్లేశ్వరం పాఠకురాలు: ఆటవెలదికి రెండూ సరిపోతాయి. యతి కూడా రెండింటా ‘కొ’కు ‘కొ’. ఛందస్సు తేల్చదు, అర్థమే తేల్చాలి. ‘ఉండుట’లో మనిషి తానుగా ఒదిగి ఉండటం ఉంది. మొదటి పాదానికి అదే అతుకుతుంది.

జయనగర్ పాఠకుడు: నాకు కావలసింది ఆ ఒదుగుదల కాదండీ. 2007లో ఫార్చునాటో, బార్తెలెమీ అనే పరిశోధకులు చూపిన ఉదాహరణ చూడండి. ఐదేసి బిందువుల గుంపులు 30, ప్రతి గుంపులోనూ అందరికీ అందరితో బంధం. గుంపుకూ గుంపుకూ మధ్య ఒక్కటే బంధం, వలయంగా. విభజన ఎంత బాగుందో చెప్పే కొలత మాడ్యులారిటీ, ఎక్కువైతే మేలు. 30గా విడదీస్తే అది 0.876. పక్కపక్కవాటిని కలిపేసి 15 చేస్తే 0.888! గుంపులో ఏ లోటూ లేదు, చుట్టూ నెట్‌వర్కు పెద్దదైంది, అంతే. అద్దం కొండను చిన్నది చేసింది. అందుకే ‘ఐన’ వైపు మొగ్గుతున్నాను.

వైట్‌ఫీల్డ్ పాఠకుడు: గుంపులను గుర్తించడానికి 2019లో వచ్చిన లైడెన్ పద్ధతి వాడితే ఈ చిక్కు తీరదా?

కోరమంగళ పాఠకురాలు: తీరదండీ. అంతకు ముందున్న లూవెన్ పద్ధతి ఇచ్చే గుంపులు కొన్ని లోలోపల తెగి ఉంటాయి, లైడెన్ సరిచేసింది దాన్ని. కొలత మాడ్యులారిటీయే అయితే చిన్న గుంపులు కలిసిపోయే ఈ హద్దు పోదు. ఎంత చిన్న గుంపులను వెతకాలో నిర్ణయించే రిజల్యూషన్ విలువ పెంచితే చిన్నవి తేలతాయి, పెద్దవి ముక్కలవుతాయి.

మల్లేశ్వరం పాఠకురాలు: మూడో పాదం ఎవరూ తలవలేదేం? ‘కొంచెమై యుండదా’. ‘ఐ’ ఉంది, ‘ఉండు’ ఉంది. రెండు పాఠాలకూ ఊతం అక్కడే దొరుకుతోంది.

బసవనగుడి పాఠకుడు: వేమనను నోటి నుంచి నోటికి మోసుకొచ్చాం. 1829లో మద్రాసులో అచ్చు వేయించడానికి బ్రౌన్ దొర పడ్డ శ్రమకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. అయినా మీ ప్రసంగానికి ‘ఉప్పు కప్పురంబు’ ఇంకా నప్పుతుంది. బంధాల అల్లిక ఒక్క పోలికన ఉన్నా, లోపలి మనుషులను కలిపింది ఊరో, వృత్తో, భాషో ఆ పద్ధతి చెప్పలేదు. ‘జాడ’ అంటే గుర్తు కదా, ఆ గుర్తు బంధాలలో ఉండదు.

మల్లేశ్వరం పాఠకురాలు: ‘జాడ’కు అక్కడ గుర్తు అనే అర్థం నేను ఒప్పుకోను. ‘రుచుల జాడ’ అంటే రుచుల తీరు.