పులికాట్‌లో తీసిన ఫ్లెమింగోలన్నీ మసగ్గా వచ్చాయి, లెన్స్ మార్చాలా?

పోయిన ఆదివారం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద తీసిన ఫోటోలు నాలుగు పెట్టాను, చూసి చెప్పండి. 70-300 ఎంఎం లెన్స్, అపర్చర్ ప్రయారిటీ (షట్టర్ స్పీడ్ కెమెరాయే ఎంచుకునే మోడ్), ఎఫ్/5.6, ఐఎస్ఓ 200, షట్టర్ 1/1000 వచ్చింది. టైం ఉదయం పదకొండు. మొదటి రెండింట్లో పక్షులు దూరంగా ఉన్నాయి, ఈకల గీతలేమీ కనపడట్లేదు, ఒళ్లంతా సున్నం కొట్టినట్టు తెల్లగా పోయింది. మూడోది అదే రోజు అంతకుముందు, ఉదయం ఏడింటికి రోడ్డు పక్కనే దొరికిన కొంగ. నాలుగోది ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, అడిగే తీశాను. 600 ఎంఎం లెన్స్ కోసం డబ్బులు దాస్తున్నా, కొనెయ్యమంటారా?

నెల్లూరు లెన్స్: ఆగు తమ్ముడూ, అప్పుడే కొనొద్దు. అదే లెన్స్‌తో తీసిన కొంగ కంటి చుట్టూ గీతలు కూడా తెలుస్తున్నాయి కదా, మరి తప్పు లెన్స్‌ది ఎలా అవుతుంది? ఫ్లెమింగోల కాళ్లు చూడు, వంకర్లు తిరిగి ఉన్నాయి. చెయ్యి కదిలితే ఫోటో అంతా ఒకే వైపుకి సాగుతుంది, ఇలా వంకర్లు రావు. ఎండెక్కాక వేడెక్కిన బురద మీద గాలి మరుగుతున్నట్టు కదులుతూ ఉంటుంది, అంత దూరం ఆ గాలిలోంచి తీస్తే 600 పెట్టినా ఆ వంకర్లే ఇంకా పెద్దగా వస్తాయి. తెల్లారేసరికి అక్కడ ఉండు, ఎనిమిదిన్నరకల్లా ముగించెయ్. ఇంకోటి, ఆ రోడ్డు పడమర నుంచి తూర్పుకి పోతుంది, చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు లేస్తాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపు ఉన్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది.

రాయలసీమ క్లిక్స్: పక్షుల ఒళ్లు గీతల్లేకుండా తెల్లగా పోవడానికి కారణం వేరే. ఫ్రేములో ఎక్కువ భాగం నల్లటి నీళ్లే, కెమెరా దాన్ని చూసి వెలుతురు చాలట్లేదనుకుని పెంచేసింది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకట్టిన వెలుతురుని మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1 దగ్గర పెట్టి, రా (RAW) ఫైల్‌లో తీసి, హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎడమకి, వెలుగు కుడికి చూపించే గ్రాఫ్) కుడి గోడకి తగలకుండా చూసుకోండి. పక్షి ఫ్రేమంతా నిండితే మాత్రం ఇదే తిరగబడుతుంది, అప్పుడు ప్లస్ కావాలి.

గూడబాతు: రెండో ఫోటోలో తలలన్నీ ఒకేసారి పైకి లేచాయి. రోడ్డు దిగి నడిచారా? అవి తల కిందకి వంచి నీళ్లు వడగట్టుకుని తింటాయి, మనల్ని చూసి తల ఎత్తాయంటే తిండి ఆగిపోయినట్టే. దయచేసి కారులోనే కూర్చుని ఎదురుచూడండి, అవే మేసుకుంటూ దగ్గరికి వస్తాయి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి, తల్లి గూడబాతు (పెలికాన్) లేచిపోతే ఈకలు రాని పిల్లలు ఎండలో మాడిపోతాయి.

హనుమకొండ అక్క: నాకు నచ్చింది నాలుగోదే! చేతులు, వల ముడి, కాలి బొటనవేలికి చుట్టిన దారం అన్నీ ఉన్నాయి. తలపాగా నీడలో కళ్లు మాత్రం చీకటైపోయాయి. ఆయన్ని పడవ నీడ అంచుకి జరిగి కూర్చోమని అడిగి, వెలుగున్న వైపుకి ముఖం తిప్పిస్తే కళ్లల్లో ఆకాశం మెరిసేది. ఒక ప్రింట్ తీయించి తీసుకెళ్లి ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు: అవును, దిగి ఒక ఇరవై అడుగులు నడిచాను, ఇక దిగను. లెన్స్ ఆపేస్తున్నా. వచ్చే ఆదివారం ఐదున్నరకి సూళ్లూరుపేటలో ఉంటాను, ప్రింట్ కూడా తీసుకెళ్తున్నా. నాయుడుపేట వైపు నుంచి ఎవరైనా వస్తారా, కారులో ఇద్దరికి చోటుంది.