లవంగ నూనె, దాల్చినచెక్క నూనె: ఒంటినూనెలో ఎంత వేయొచ్చు?

రావులపాలెం_గానుగ: గానుగ కొబ్బరినూనెతో ఒంటినూనె చేస్తున్నామండి. 100 గ్రాములకి లవంగ నూనె 40 చుక్కలు, దాల్చినచెక్క నూనె 10 చుక్కలు. వాడినవాళ్ళలో ఇద్దరికి మెడ దగ్గర ఎర్రబడి దురద వచ్చిందట. అన్నీ సహజమైనవే కదా, ఏది పడలేదంటారు? ఇవే సబ్బులో వేస్తే క్షణాల్లో గడ్డకట్టేస్తోంది కూడా.

పాలకొల్లు_కెమిస్ట్రీ: మోతాదే ఎక్కువైందండి. చుక్క సుమారు 0.03 గ్రాములనుకుంటే లవంగం 1.2 శాతం, దాల్చిన 0.3 శాతం పడ్డాయి. రాసుకుని ఒంటిమీద ఉంచేసే నూనెలో లవంగ మొగ్గ నూనెకి 0.5, దాల్చిన బెరడు నూనెకి 0.07 శాతం దాటొద్దని అరోమాథెరపీవాళ్ళ లెక్క. బెరడు నూనెలో సగానికి పైగా సిన్నమాల్డిహైడ్ అనే, చర్మానికి అలర్జీ తెచ్చే రసాయనమే, ముందు అనుమానించాల్సింది దాన్నే. సీసా మీద బెరడా, ఆకా, కాసియానా (దాల్చినకి దగ్గరి జాతి చెట్టు) చూడండి. కాసియా అయితే ఇంకా ఘాటు. ఆకు నూనెలో ఎక్కువగా ఉండేది యూజినాల్ అనే మరో అలర్జీ రసాయనం. లవంగంలోనూ అదే కాబట్టి రెండూ కలిపి లెక్కేయాలి. నన్నడిగితే బెరడు నూనె పూర్తిగా మానేసి, లవంగం 0.3 గ్రాములతో ఆపేస్తాను. చుక్కలు నమ్మకండి, సీసా మూతని బట్టి మారిపోతాయి. 0.01 గ్రాము చూపే తూకం కొనండి.

అమలాపురం_సబ్బులు: సబ్బు సంగతి: యూజినాల్ కాస్టిక్ సోడాతో కలిసి మిశ్రమాన్ని ఒక్కసారిగా బిగించేస్తుంది, రంగూ గోధుమకి తిరుగుతుంది. నూనెలు, సోడా నీళ్ళు బాగా చల్లారాక కలపండి. లవంగ నూనెని కాస్త కొబ్బరినూనెలో విడిగా కలిపి చివర్లో వేసి, బ్లెండరు ఆపి గరిటెతోనే తిప్పండి. అచ్చు పక్కనే ఉండాలి సుమా!

రావులపాలెం_గానుగ: అమ్మేముందు ఎలా పరీక్షించాలండి?

పాలకొల్లు_కెమిస్ట్రీ: మోచేతి మడత లోపల చిన్న బిళ్ళంత మేర, పూటకోసారి చొప్పున రోజుకి రెండుసార్లు, వారం పైన రాయాలి. అలర్జీ రెండు మూడు రోజులు ఆగి బయటపడొచ్చు కాబట్టి ఒక్కరోజు చూసి బావుందనుకోవద్దు. పసిపిల్లల నూనెలో ఇవేవీ వద్దు. అమ్మకానికి తయారు చేస్తే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్సు ఉండాలి. ఆ ఇద్దరినీ వాడకం ఆపి చర్మం డాక్టరుకి చూపించుకోమనండి. అలర్జీ అని తేలితే అది సాధారణంగా పోదు. యూజినాలే కారణమైతే పళ్ళ డాక్టరుకీ చెప్పాలి, తాత్కాలికంగా పంటికి పెట్టే సిమెంటులో అది ఉంటుంది.