తెల్ల ట్రఫుల్‌ని తోటలో పండించడం ఎందుకంత కష్టం?

ఈ మధ్య ఫ్రాన్స్‌లోని సోర్జ్ ఊళ్లో ట్రఫుల్ (పుట్టగొడుగులా తినే ఒక రకం ఫంగస్) మ్యూజియం చూశాను, అప్పట్నుంచి ఒకే డౌటు తొలిచేస్తోంది. నల్ల ట్రఫుల్ సున్నం ఎక్కువున్న నేలలో, ఓక్, హేజెల్ చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని మట్టి లోపల పెరిగే ఫంగస్, చెట్టు చుట్టూ గడ్డి కాలిపోయినట్టు గుండ్రంగా బోడి నేల కనిపిస్తే అక్కడ వెతుకుతారు, ఇదంతా అర్థమైంది. పూర్వం పందులతో వెతికించేవాళ్లు, అవి దొరికింది దొరికినట్టే తినేసేవి (వాటి తప్పేముంది పాపం), ఇప్పుడు ఎక్కువగా కుక్కలే. ఇటలీలో అయితే 1985 నుంచి పందులు నిషేధం.

అసలు విషయానికొస్తా. ఫ్రాన్స్‌లో 19వ శతాబ్దంలోనే ఓక్ గింజలు నాటి నల్లవి పండించారు, ఇప్పుడు ఆస్ట్రేలియాలో కూడా పండుతున్నాయి. మరి ఇటలీలో ఆల్బా వైపు దొరికే తెల్ల ట్రఫుల్ విషయంలో మాత్రం ఇప్పటికీ ఎక్కువగా అడవి మీదే ఎందుకు ఆధారపడుతున్నారు? అదీ పాప్లర్, విల్లో, ఓక్ లాంటి చెట్ల వేళ్ల మీద బతికేదేగా? తేమ తేడానా, మట్టిలో ఉండే బాక్టీరియా వల్లనా, లేక మొక్క వేళ్లకు ఆ ఫంగస్ అంటించడమే సరిగ్గా కుదరట్లేదా? ఫంగస్‌ల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త మామూలు మాటల్లో చెప్పండి, ప్లీజ్.