డాక్టరు "నార్మల్" అన్నాక కూడా జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించాలా?

రాజమండ్రి_అన్న:
అందరికీ నమస్కారం. మా చెల్లికి 29 ఏళ్ళు, ఒక ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసరు. పద్నాలుగు నెలల కిందట ఉన్నట్టుండి నిద్రపోవడం మానేసింది. తన ఫోను ఎవరో వింటున్నారని భయపడేది. పది రోజులు తిరిగేసరికి ఫిట్స్ వచ్చాయి, మాట పడిపోయింది. ముందు గాలి సోకిందన్నారు, తర్వాత మానసిక జబ్బన్నారు. చివరికి వెన్నులో నీరు తీసి పరీక్షిస్తే యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్సెఫలైటిస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడు మీద పడటం. ఆ యాంటీబాడీలని పుట్టించగల టెరటోమా అనే గడ్డ అండాశయంలో ఉంటే తీసేశారు. యాంటీబాడీలని అణచడానికి స్టిరాయిడ్లు, ఐవీఐజీ, తర్వాత రిటుక్సిమాబ్ అనే మందులు ఇచ్చారు.

ఇప్పుడు చూస్తే జబ్బు మనిషి అని ఎవరూ అనరు. పోయిన నెల చెకప్‌లో "నార్మల్, డ్యూటీలో చేరొచ్చు" అని రాసిచ్చారు.

మొన్న లాప్‌టాప్‌లో కరెంటు బిల్లు కడుతోంది. ఫోనుకి ఆరంకెల ఓటీపీ వచ్చింది. చూసి, లాప్‌టాప్ వైపు తిరిగి, మూడంకెలు కొట్టి ఆగిపోయింది. మళ్ళీ ఫోను చూసింది. ఈసారి నాలుగు. మూడోసారికి టైమ్ అయిపోయింది. లాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒకప్పుడు కస్టమర్ల అకౌంట్ నంబర్లు చూడకుండా చెప్పిన పిల్ల.

నాన్న డ్యూటీలో చేరితే అదే సర్దుకుంటుందంటారు, కొంత బద్ధకం అని కూడా అంటారు. అమ్మ ఇంకో ఏడాది ఇంట్లోనే ఉండనీ అంటుంది. నాకేమో జ్ఞాపకం, ధ్యాస కొలిచే న్యూరోసైకాలజీ పరీక్షలు చేయించాలని ఉంది. కాకపోతే "లోపం ఉంది" అని కాగితం మీద పడితే ఉద్యోగానికి, రేపు పెళ్ళికి అడ్డం కాదా? దీని మీదే ఇంట్లో రోజూ గొడవ. మీరైతే ఏం చేస్తారు?

కాకినాడ_బాబాయ్:
చేయించొద్దు బాబూ. మా పెద్దాడికి బండి యాక్సిడెంట్లో తలకి దెబ్బ తగిలింది. మూడో నెలలో ఈ పరీక్షలే చేయించాం. జ్ఞాపకశక్తి సగటు కన్నా తక్కువ అని రాశారు. ఆ రోజు నుంచి ఏది మర్చిపోయినా "నాది ఇంతే కదా నాన్నా" అనేవాడు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. నాలుగేళ్ళ తర్వాత మా బావమరిది బలవంతంగా కొట్లో కూర్చోబెడితే ఇప్పుడు లెక్కలన్నీ వాడే చూస్తున్నాడు. డాక్టరు చేరమన్నాడుగా, చేరనివ్వండి. పని చేస్తూ ఉంటేనే బుర్ర దారిలో పడుతుంది.

పరీక్ష_గది:
నేను హైదరాబాద్‌లో న్యూరోసైకాలజిస్టుని. బాబాయ్ గారూ, మూడో నెలలో చేసిన పరీక్షని జీవితకాలపు తీర్పులాగా మీ అబ్బాయి చేతికిచ్చారు. అది చాలా తప్పు. ఆ మాట వాళ్ళు మీకు అప్పుడే చెప్పాల్సింది.

అన్నగారూ, "నార్మల్" అన్న మాట ఏ కొలత మీద వచ్చిందో చూడండి. ఈ జబ్బులో ఎక్కువగా వాడేది మాడిఫైడ్ ర్యాంకిన్ స్కేలు. అది పక్షవాతం రోగుల కోసం వచ్చిన కొలత, 0 నుంచి 6 దాకా ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువ. తన పనులు తాను చేసుకోగలిగితే 2 లేదా అంతకన్నా తక్కువ వేసి, బాగా కోలుకున్నారని రాస్తారు. 2013లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో 577 మంది రోగుల మీద పెద్ద అధ్యయనం వచ్చింది. రెండేళ్ళ దాకా గమనించినవాళ్ళలో 81 శాతం మంది ఆ 2 లేదా అంతకన్నా తక్కువకి వచ్చారు. 2007లో డాల్మౌ అనే న్యూరాలజిస్టు బృందం ఈ జబ్బుకి పేరు పెట్టేదాకా ఎంతోమంది ఏ జబ్బో తెలియకుండానే పోయి ఉంటారు. అలాంటిచోట ఇది ఎంతో సంతోషించాల్సిన ఫలితం. కానీ ఓటీపీ గుర్తుంచుకోవడం ఆ స్కేల్లో లేదు.

బెర్లిన్‌లోని షారితె ఆసుపత్రి వాళ్ళు 43 మందికి వివరమైన పరీక్షలు చేసి 2021లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు చేసి రెండేళ్ళు దాటాక చూస్తే అందరిలోనూ ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఇబ్బంది కనిపించింది. దాదాపు అయిదేళ్ళకి మూడింట రెండు వంతుల మందిలో ఇంకా ఉంది. చాలామంది ఒంట్లో బాగానే ఉన్నారు. దెబ్బ తగిలింది జ్ఞాపకానికి, ఒకేసారి రెండు పనులు సంబాళించే శక్తికి. అంటే మీ చెల్లెలిది బద్ధకం కాదు, ఇది మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి.

కాకినాడ_బాబాయ్:
అమ్మా, మీరు చెప్పింది కాదనను. కానీ ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల "మూడింట రెండు వంతులు" అన్న మాట వింటే మనసు ఏమవుతుంది? అంత పెద్దాసుపత్రికి వెళ్ళేది జబ్బు బాగా ముదిరినవాళ్ళే అయి ఉండొచ్చు. ఆ లెక్క అందరికీ ఎలా వర్తిస్తుంది?

పరీక్ష_గది:
వర్తించకపోవచ్చు, ఒప్పుకుంటాను. 43 మంది తక్కువే. అందుకే ఆ లెక్క వదిలేసి ఈ అమ్మాయిని పరీక్షించమంటున్నాను. పైగా ఆ అధ్యయనంలోనే రెండేళ్ళకీ అయిదేళ్ళకీ మధ్య వాళ్ళు మెరుగుపడ్డారు. మెల్లగానే, కానీ ఆగలేదు. ఈ యాంటీబాడీలు చాలావరకు కణాన్ని చంపవు, దాని పైనున్న గ్రాహకాలని, అంటే సంకేతాలు అందుకునే ఆ ఎన్‌ఎండీఏ రిసెప్టర్లని, లోపలికి లాగేస్తాయి. యాంటీబాడీలు తగ్గితే గ్రాహకాలు మళ్ళీ పైకి వస్తాయి. ఆశ పెట్టుకోవడానికి అసలు కారణం ఇదే. రెండేళ్ళు దాటితే ఇక అంతే అన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

పరీక్ష అంటే పాస్, ఫెయిల్ కాదు. పదిహేను మాటలు అయిదుసార్లు వినిపించి, ప్రతిసారీ గుర్తున్నవి చెప్పమంటాం. మళ్ళీ అరగంటకి అడుగుతాం. మొదటే ఎక్కకపోతే అది ధ్యాస సమస్య. ఎక్కి, అరగంటలో పోతే నిల్వ సమస్య. తనంతట తాను చెప్పలేక, జాబితాలో చూపిస్తే గుర్తుపడితే, దాచింది తీయడంలో ఇబ్బంది. మూడింటికీ చేయాల్సిన సాధన వేరు. నిద్ర లేకపోవడం, దిగులు, ఫిట్స్ మందుల మగత కూడా అచ్చం మతిమరుపులాగే కనిపిస్తాయి, వాటికి దారులున్నాయి. ముప్పై మార్కుల చిన్న పరీక్షతో మాత్రం సరిపెట్టుకోకండి. బ్యాంకు ఆఫీసరుకి అందులో ఇరవై ఏడో ఎనిమిదో వచ్చేస్తాయి.

ఆల్బం_మాస్టారు:
నాకు 63 ఏళ్ళు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నాది ఎల్‌జీఐ1 అనే వేరే ప్రోటీను మీద యాంటీబాడీలు పడే రకం, ఈ అమ్మాయి జబ్బుతో పోల్చకండి. ఎడమ చెంప, ఎడమ చెయ్యి ఒక్క క్షణం లాగి వదిలేసేవి, రోజుకి పదులసార్లు. రక్తంలో సోడియం పడిపోతుంటే ఉప్పు ఎక్కువ తినమన్నారు. అవి ఫిట్సేనని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలల్లోనే మా అమ్మాయి పెళ్ళయింది. ఆల్బంలో నేను అల్లుడి కాళ్ళు కడుగుతున్నాను, మా ఆవిడ చెంబుతో నీళ్ళు పోస్తోంది. పట్టుపంచె నాదే. ఆ రోజు మాత్రం నాకు లేదు. మూడేళ్ళుగా ఆ ఫోటో చూస్తున్నాను, నీళ్ళ చల్లదనం కూడా గుర్తు రాదు. అది ఇక రాదనే అనుకుంటున్నాను.

కానీ ఇప్పటి సంగతులు నిలుస్తున్నాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే వారంలో చేసిన పరీక్షలో అరగంట తర్వాత ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను. పదమూడు నెలల తర్వాత ఆరు చెప్పాను. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు నాకు ధైర్యం వచ్చింది. మొదటిదే లేకపోతే ఆరుని చూసి ఏడ్చేవాణ్ణి. బాబాయ్ గారూ, మీ అబ్బాయికి రెండో కాగితం ఇప్పించలేదు, అక్కడే పొరపాటు జరిగిందేమో.

కౌంటర్_నెం_3:
నేనూ బ్యాంకే అన్నా, యూనియన్‌లో ఉన్నాను. పరీక్ష లేకుండా మామూలు సీట్లో కూర్చోబెడితే నష్టం ఆమెకే. క్యాష్ తేడా వచ్చినా, తప్పు ఖాతాకి ఎంట్రీ పడినా మెమో వస్తుంది. అప్పుడు "నాకు జబ్బు చేసింది" అంటే ఎవరూ వినరు, ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చి చేరావు కదా అంటారు. ముందే రిపోర్టు ఉంటే కొన్నాళ్ళు క్యాష్, ఆథరైజేషన్ లేని సీటు అడగొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్ళని ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పోస్టుకి సరిపడకపోతే అదే జీతంతో వేరే పోస్టుకి మార్చాలి. భయపడాల్సింది కాగితం ఉన్నందుకు కాదన్నా, లేకపోతేనే.

కాకినాడ_బాబాయ్:
మాస్టారూ, మీరన్నది నిజమే. రెండోసారి తీసుకెళ్ళాలని మాకు తోచలేదు. ఎవరూ చెప్పలేదు కూడా.

సరే బాబూ, చేయించండి. ఒక్క షరతు. రిపోర్టు వచ్చాక ముందు ఆ పిల్లే చదవాలి. మీరు కాదు, మీ నాన్న కాదు. పక్కన డాక్టరు కూర్చుని చెప్పాలి. వాడి కాగితం నేను చదివి వాడికి చెప్పాను, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను. ఇంకొకటి, మార్కులు బాగా వచ్చేదాకా ఉద్యోగం వాయిదా వేయొద్దు. ఆ మాట మీద మాత్రం నేను మారను.

పరీక్ష_గది:
రెండూ సరైనవే బాబాయ్ గారూ. సగం పూట, తేలిక సీటుతో మొదలుపెట్టి ఏడాదికి మళ్ళీ పరీక్ష చేయించుకోమంటాను.

రాజమండ్రి_అన్న:
మీరు రాసిందంతా రాత్రి చెల్లికి చదివి వినిపించాను. నన్నడగకుండా నా సంగతి ఎందుకు రాశావని ముందు కోపం చేసింది. న్యాయమే, క్షమించమన్నాను. మాస్టారి ఆల్బం సంగతి మళ్ళీ చదవమంది. తర్వాత, "ఇది బద్ధకం కాదని నాన్నకి ఎవరైనా రాసిస్తే చాలన్నయ్యా" అంది. ఇన్నాళ్ళూ ఆ మాట లోపల పెట్టుకుందని నాకు తెలియదు.

ఈ నెల 19న అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మేడమ్, ఫిట్స్ మాత్ర వేసుకుంటే మగతగా ఉంటుందంటోంది, ఆ రోజు ఉదయం ఆపేయొచ్చా?

పరీక్ష_గది:
వద్దు, ఏ మందూ ఆపొద్దు. ఏ మాత్ర ఎన్ని గంటలకి వేసుకుందో రాసి తీసుకురండి, లెక్కలోకి తీసుకుంటారు. ఉదయం సమయమే అడగండి. ముందు రాత్రి బాగా పడుకోవాలి. కళ్ళజోడు ఉంటే మర్చిపోవద్దు. తెలుగులోనే చేయమని ముందే చెప్పండి. రెండు మూడు గంటలు పడుతుంది, మధ్యలో తినడానికి ఏదైనా డబ్బాలో పెట్టుకు రండి.