అప్‌డేట్: ఒడియా పత్రాలతో నాన్నగారికి యూకే వీసా వచ్చింది, ఆక్స్‌ఫర్డ్ వెళ్లొచ్చాం

మూడు నెలల కిందట అడిగాను: మాది బరంపురం, నాన్నగారి భూమి పత్రాలన్నీ ఒడియాలో ఉన్నాయి, ఆక్స్‌ఫర్డ్‌లో చెల్లి ఇంటికి వెళ్లడానికి విజిటర్ వీసాకి ఎలా పెట్టాలి అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది అనువాదం సలహానే. ఇంగ్లీషులో గానీ వెల్ష్‌లో గానీ లేని ప్రతి కాగితానికీ పూర్తి అనువాదం జతచేయాలి. సరైన అనువాదమేనన్న మాట, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, ఫోన్ వివరాలు అందులో ఉండాలి. మా ఏజెంట్ మొదట చేయించిన దాంట్లో తేదీ లేదు, కింద ఒక గీత గీసి సంతకం అన్నాడు! మళ్లీ చేయించాం. హోటల్ బుకింగ్ అక్కర్లేకపోయింది, చెల్లి రాసిన లెటర్, వాళ్ల అద్దె అగ్రిమెంట్ సరిపోయాయి. ఆస్తి వాల్యుయేషన్ కోసం తిరిగిందంతా దండగే.

పాల పదార్థాలు అక్కడికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి అమ్మ కాచిన నెయ్యి ఇంట్లోనే ఉండిపోయింది. అప్పడాలు మాత్రం వెళ్లాయి.

హీత్రూ ఎయిర్‌పోర్ట్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కి నేరుగా కోచ్ (బస్సు) ఉంది. లండన్‌లోకి వెళ్లక్కర్లేదు, ఆక్స్‌ఫర్డ్‌లో గ్లౌస్టర్ గ్రీన్ బస్ స్టేషన్‌లో దిగాం.

క్రైస్ట్ చర్చ్ కాలేజీ గంట రాత్రి 9:05కి 101 సార్లు కొడుతుంది. నాన్నగారు మఫ్లర్ చుట్టుకుని, వేళ్ల మీద లెక్కపెడుతూ అరవై దాకా వచ్చి, "మిగతావి ఇంటికెళ్లి విందాం, చలేస్తోంది" అన్నారు.